తెల్వదన్న పిల్ల

ఆ ఏడు వేసవిలో మా మిరపకాయల కొట్లోకి మనుషులు దిగారు.

నలభై ఎనిమిదో సంవత్సరం. జగ్గయ్యపేట పొలిమేర దాటి కాస్త నడిస్తే నైజాం ఇలాకా. అవతల రజాకార్ల గొడవలు ముదిరి, ఊళ్ళకి ఊళ్ళే మూటాముల్లే సర్దుకుని బళ్ళ మీదా కాలినడకనా మా వైపు వచ్చేస్తున్నాయి. సత్రాలు నిండిపోయాయి. సీజను అయిపోయి ఖాళీగా పడి ఉన్న మా గిడ్డంగి తాళంచెవి మా నాన్న కనకయ్య గారు తీసుకెళ్ళి శరణార్థుల కమిటీ వారి చేతిలో పెట్టారు. ఊడ్చి, కడిగి ఇచ్చినా మిరప ఘాటు ఎక్కడికి పోతుంది? దిగినవాళ్ళు మొదట్లో తెగ తుమ్మారు. మా పెరటి గోడకి అవతలే ఆ కొట్టు. మేం అన్నాలు తింటుంటే అవతల తుమ్ములు, ఇవతల మా అమ్మ తిరుపతమ్మ గారు ప్రతి తుమ్ముకీ "చిరంజీవ" అనడం. కాసేపటికి ఆవిడకే నోరు నొప్పెట్టి మానేసింది.

నేనప్పుడు మద్రాసులో చదువుతున్నాను. ఏం చదువమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పడం చచ్చేంత కష్టంగా ఉండేది. బి.ఎ. అయింది, టీచరు ట్రైనింగు అయింది, దాని మీద ఇది మరొక శిక్షణ. ఏ పిల్ల ఎందుకు చదవలేకపోతోంది, ఏ పిల్లాడు ఎందుకు ఎవరితోనూ కలవడు అన్నది పరీక్షలు పెట్టి చూసి, కారణం పట్టుకుని, బడివాళ్ళకి సలహా చెప్పడం నేర్పుతారు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా చుట్టుపక్కల ఎవరూ విననైనా వినలేదు. లేని ఉద్యోగానికి చదువుతున్నానని మా నాన్నకి నా మీద జాలి.

"మనం కాటా మీద కాయలు తూస్తాం. మా బాలామణి బుర్రలు తూస్తుంది" అనేవారు బజారులోని మా కొట్టుకొచ్చినవాళ్ళతో. "తరుగు ఎంత తీస్తుందో మరి, అది మాత్రం చెప్పదు."

నవ్వుతూనే అనేవారు గాని, ఆ ఏటితో నా చదువు ఆపించి పెళ్ళి చేసెయ్యాలని ఆయన మనసులో ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే ఆ వేసవి పని ఎలాగైనా బాగా చేసి చూపించాలని పట్టుదలగా ఉన్నాను. పని ఏమిటంటే, కొందరు పిల్లలకి పరీక్షలు పెట్టి, ఒక్కొక్కరి గురించీ కారణాలతో సహా రాసి మా లెక్చరరు కృపావతి గారికి చూపించాలి. ఆవిడ పుట్టిల్లు నందిగామ. సెలవులకి అక్కడికే వచ్చి ఉన్నారు.

మా వీధి చివర ఉన్న బడి హెడ్మాస్టరు జగన్నాథరావు గారికి ఈ సంగతి ఎవరు మోశారో గాని, ఓ పొద్దున్నే గొడుగు ముడుచుకుంటూ మా ఇంటి మెట్లెక్కారు.

"అమ్మాయి గారూ, దేవుడిలా దొరికారండి మీరు. బళ్ళు తెరిచేసరికి అవతలి పిల్లలు బోలెడుమంది వచ్చిపడతారు. నా దగ్గర చూస్తే కూచోబెట్టడానికి చాపలు కూడా లేవు. ఎవర్ని తీసుకోవాలో ఎవర్ని పొమ్మనాలో తేల్చుకోలేక నిద్రపట్టట్లేదు. మీ పరీక్షలో నెగ్గినవాళ్ళని చేర్చుకుంటా. నెగ్గనివాళ్ళకి మీ పేరు చెబుతా."

ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. కాని అంతమంది పిల్లలు మళ్ళీ నాకెక్కడ దొరుకుతారు? సరేనన్నాను.

వీధి వరండాలో బల్ల వేశాను. మద్రాసు నుంచి తెచ్చిన పెట్టెలో బొమ్మల అట్టలు, రంగుదిమ్మలు, చూడ్డానికి ఒక్కలాగే ఉండి బరువులో తేడా ఉండే డబ్బాలు ఉండేవి. పిల్లల బెరుకు పోవడానికి ముందుగా ఒక పిప్పరమెంటు బిళ్ళ ఇవ్వాలి. తర్వాత నవ్వుతూ, నెమ్మదిగా, పుస్తకంలో ఉన్న మాటల్లోనే అడగాలి. మనంతట మనం ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. జవాబు సరైనదైతే టిక్కు, కాకపోతే సున్నా. ఒకసారి పరీక్ష పెట్టిన పిల్లకి ఆ ఏడాదిలో మళ్ళీ పెట్టకూడదు. కృపావతి గారు ఈ నియమాలు మా చేత వల్లెవేయించారు.

పిల్లలు బాగానే చెప్పారు. బిళ్ళ బుగ్గన పెట్టుకుని గలగల్లాడుతూ జవాబులిచ్చారు. అలా రెండు మూడు రోజులు సాగాక రత్తమ్మ తన కూతురు సైదమ్మని తీసుకొచ్చింది.

రత్తమ్మ మా కొట్లోనే ఉండేది. పగలు బజారులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. కూతురికి తొమ్మిదేళ్ళుంటాయి.

"నా బిడ్డను బళ్ళె ఎయ్యాలె అమ్మా" అంది. "మా ఊర్ల బడి లేకపాయె. దీని నాయినకు అదొక్కటే కోరిక."

"అతనెక్కడున్నాడు?"

"నైజాం మీద లేసిన సంగంల తిరుగుతుండని పోలీసులు పట్కపోయిన్రు. ఏ జైల్ల పెట్టిన్రో ఏమో." కూతురి జుట్టు సవరిస్తూ అంది. "బడి దొరకకపోతే నా ఎంబడి తొడిమెలకు తోల్కపోవాలె. ఒక్కదాన్ని ఏడ ఇడిసిపెట్టను? ఇట్ల సూడమ్మా దీని చేతులు."

పిల్ల అరచేతులు తిప్పి చూపించింది. అప్పటికే ఆ పని రుచి చూసినట్టుంది, వేళ్ళ సందులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఆ చేతులతో కళ్ళు నలుపుకోకూడదని తెలిసి, రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

రత్తమ్మని మెట్ల మీద కూర్చోమని, పిల్లని బల్ల దగ్గరికి పిలిచాను. పిప్పరమెంటు ఇచ్చాను. తీసుకోలేదు. బల్ల మీద పెడితే వేలితో నా వైపు నెట్టేసింది.

"నీ పేరేమిటమ్మా?"

"తెల్వదు."

"మీ నాన్న పేరు?"

"తెల్వదు."

"మీది ఏ ఊరు?"

"తెల్వదు."

తన పేరు తనకి తెలీదన్న పిల్లని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. "భయపడకు, నీకు తోచింది చెప్పు" అన్నాను. అలా అనడానికి మాత్రం మాకు అనుమతి ఉంది. రెండు డబ్బాలు చేతుల్లో పెట్టి ఏది బరువని అడిగాను. బరువైన డబ్బా ఉన్న చెయ్యి కాస్త కిందికి వాలింది. ఆ పిల్ల దానికేసి చూసింది, మళ్ళీ రెండు చేతులూ సమంగా పట్టుకుని "తెల్వదు" అంది. అంకెలు చదివి వెనకనుంచి అప్పజెప్పమన్నాను. తెల్వదు. దారి తప్పితే ఏం చేస్తావు? తెల్వదు. ఇల్లు అంటుకుంటే ఏం చెయ్యాలి? తెల్వదు.

బెదురుగా ఉందా అంటే అదీ లేదు. మొహం కడిగిన పలకలా ఉంది. చూపు మాత్రం నా చేతిలోని పెన్సిలు మీదే. నేను సున్నా చుట్టినప్పుడల్లా ఆ చుట్టిన చోటికేసి చూసేది.

ఆ లెక్కన చూస్తే ఆ పిల్లకి చంటిపిల్లల బుద్ధి కూడా లేదు. రత్తమ్మ మెట్ల మీంచి లేచొచ్చింది.

"మంచిగ జెప్పిందా అమ్మా?"

"చూద్దాం రత్తమ్మా" అన్నాను. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదని నా మొహంలోనే కనిపించి ఉంటుంది. ఆమె ఇంకో మాట అడక్కుండా కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

నాకది మింగుడు పడలేదు. ఎందుకంటే ఈ సైదమ్మే రోజూ మధ్యాహ్నం మా పెరట్లోకి మజ్జిగ కోసం వచ్చేది. కొట్లో ఉన్న కుటుంబాలన్నిటి చెంబులూ గిన్నెలూ మోసుకొచ్చేది. అమ్మ వాటన్నిటినీ ఒక్కచోట కలిపేసి మజ్జిగ పోసినా, ఎవరి గిన్నె ఎవరిదో, ఏ ముసలమ్మకి ఉప్పు వెయ్యకూడదో, ఎవరి బిడ్డకి జ్వరమో పొల్లు పోకుండా చెప్పి పట్టుకెళ్ళేది. అంత చంటిబుద్ధి పిల్లయితే అదెలా సాధ్యం? ఈ మాటే అమ్మతో అన్నాను.

"నీ పుస్తకంలో మజ్జిగ ప్రశ్న లేదేమో" అంది అమ్మ, కవ్వం కడుక్కుంటూ.

బళ్ళు తెరిచే వారంలో అమ్మకం పన్ను ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. నాన్న అప్పుడే పెరటిదారిన వచ్చి నడవలో విస్తరి ముందు కూర్చున్నారు. వీధి గుమ్మంలో గొంతు వినపడగానే పెరుగన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని బొమ్మయిపోయారు. అమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని గుమ్మంలోకి వెళ్ళింది.

"కనకయ్య గారున్నారామ్మా?"

"తెలీదు నాయనా. బజారు కొట్లో లేరూ?"

"కొట్లో లేరు. ఎప్పుడొస్తారు?"

"నాతో చెప్పి వెళతారా ఏవన్నానా? తెలీదు."

"కొత్త సరుకేమైనా దింపారా ఈమధ్య?"

"ఆడవాళ్ళం, మాకేం తెలుస్తాయి బాబూ. వంటింటి గడప దాటి ఎరగను."

సీజనులో ఏ రైతు కాయలు ఏ మూల పడున్నాయో, వేటికి చెమ్మ తగిలిందో, ఎప్పుడు అమ్మాలో నాన్న రోజూ అడిగేది అమ్మనే. ఆవిడ లెక్క ఎన్నడూ తప్పేది కాదు. అలాంటి మనిషి మొహం ఇప్పుడు నున్నగా, ఖాళీగా, కడిగిన పలకలా ఉంది. చూపు మాత్రం ఆఫీసరు చేతిలోని కాగితాల మీదుంది.

ఆ మొహం నేనెక్కడ చూశానో చప్పున గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. పెరటి గుమ్మంలో గిన్నెలతో సైదమ్మ నిలబడి ఉంది. మా అమ్మనే చూస్తోంది. చూసి నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. తన పని తెలిసిన ఇంకో మనిషి ఇన్నాళ్ళకి కనపడినట్టు, ఎంతో మెచ్చుకోలుగా నవ్వింది.

మా ఇంట్లో పిల్లలకి ఓనమాల కంటే ముందు నేర్పే పాఠం అది. ఎవరైనా కాగితం చేత్తో పట్టుకొచ్చి నాన్న గురించి అడిగితే తెలీదనాలి. నేనూ అన్నాను చిన్నప్పుడు, ఎన్నిసార్లో. అంత చదువు చదివి, నేనే ఒక కాగితం పట్టుకుని ఆ పిల్ల ముందు కూర్చున్నాను. కూర్చుని మీ నాన్న పేరేమిటని అడిగాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

మర్నాడు సైదమ్మని వరండాలోకి పిలిచి, నా కుర్చీ చూపించాను.

"నువ్వక్కడ కూచో. నువ్వు టీచరమ్మవి, నేను పరీక్షకొచ్చిన పిల్లని. నువ్వు అడుగు, నేను చెబుతా."

కుర్చీకేసి చూసింది, నాకేసి చూసింది. ముందు పెన్సిలు తీసుకుంది. తర్వాత ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. కాగితం తలకిందులుగా పట్టుకుని, నేను సర్దుకున్నట్టే గొంతు సర్దుకుని మొదలుపెట్టింది.

"నీ పేరేమిటమ్మా?"

అచ్చం నా యాస, నా నవ్వు. నేను జవాబు మరిచి ఆ పిల్లనే చూశాను.

"భయపడకు, నీకు తోచింది చెప్పు" అంది.

"బాలామణి."

"మీ నాన్న పేరు?"

"కనకయ్య."

"మీ నాన్న ఎక్కడున్నాడు?"

ఆ ప్రశ్న నా పరీక్షలో లేదు. "బజారు కొట్లో ఉన్నారు" అన్నాను.

పెన్సిలు ఆగిపోయింది. నా యాస పోయి తన గొంతు వచ్చింది.

"అట్ల జెప్పొద్దు."

"మరేమనాలి?"

"తెల్వదనాలె. పేరు గుడ చెప్పొద్దు. పేరు జెప్తె ఇల్లు దొరుకుతది. కొట్టినా గంతే అనాలె, బిల్ల పెట్టినా గంతే అనాలె."

"ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మ."

"నువ్వూ అలాగే అన్నావా?"

తల అడ్డంగా ఊపింది. పెన్సిలు కొసని గోటితో గీకుతూ కూర్చుంది.

"ఒకడు బెల్లంగడ్డ ఇచ్చిండు. మీ నాయిన ఏడున్నడు బిడ్డా అని మంచిగ అడిగిండు. గడ్డివాము ఎనక అన్న." తర్వాత, ఎవరో తప్పు పట్టినట్టు అంది. "సరిగ్గనే జెప్పిన."

ఆ బెల్లం ముక్కా, నా పిప్పరమెంటు బిళ్ళా, ఆ మంచి గొంతూ, నా మంచి గొంతూ అన్నీ ఒక్కటే అయిపోయాయి. ఎత్తుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆ పిల్ల మళ్ళీ పలకైపోతుందని భయం వేసి ఊరుకున్నాను.

"మీ అమ్మకి తెలుసా?"

"తెల్వదు. నువ్వు చెప్పకు."

"చెప్పను."

కాగితం మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఇల్లు అంటుకుంటే ఏం చెయ్యాలి?" అని నా యాసలో అడిగింది.

"తెల్వదు" అన్నాను.

బాగుందన్నట్టు తల ఊపి, కాగితం మీద టిక్కు పెట్టింది.

ఆ తర్వాత ప్రశ్నలన్నీ అడిగింది. నేను ఒక్కసారి చదివిన ప్రశ్నలు, అంకెల వరసలతో సహా, ఏది ముందో ఏది వెనకో తప్పకుండా. అన్నీ అయ్యాక బల్ల మీదున్న పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టింది.

బడికెళ్ళి జగన్నాథరావు గారితో, సైదమ్మని చేర్చుకోవాలని చెప్పాను.

"ఏదీ, మార్కులు చూపించండి" అన్నారు.

"మార్కులు లేవండి. పరీక్ష తప్పు, పిల్ల తప్పు కాదు."

"అదెలాగండీ?" ఆయన పాపం మంచాయనే. "పోనీ కారణం చెప్పండి. పిల్లకేదైనా కష్టం వచ్చిందా? చెబితే శరణార్థుల కమిటీవాళ్ళ చెవిన వేస్తా. వాళ్ళూ మనుషులే కదా, విని జాలిపడి సరేనంటారు."

చెబితే సరిపోతుంది. నిజంగానే జాలిపడతారు. జాలిపడి పొద్దుగూకేలోగా కొట్లో అందరితో చెబుతారు. గడ్డివాము మాట రత్తమ్మ చెవిన పడుతుంది. కారణం పట్టుకోవడమే నా చదువు, ఆ కారణం నా నాలిక చివరే ఉంది.

"తెలీదండి" అన్నాను.

"తెలీదంటే ఎలా చేర్చుకోమంటారమ్మా?"

"మీరే ఒకసారి చూడండి మేష్టారూ. అయితే ఒక్కటి, మీరేమీ అడగకూడదు. ఆ పిల్లే మిమ్మల్ని అడుగుతుంది."

తమాషాగా ఉంటుందనుకున్నారో ఏమో ఒప్పుకున్నారు. సైదమ్మ ఆయన కుర్చీ ఎక్కింది. ఆయన విద్యార్థుల బెంచీ మీద ఒదిగి కూర్చున్నారు. మేష్టార్లు ఇద్దరు ముగ్గురు గుమ్మంలో పోగయ్యారు.

"మూడు, ఎనిమిది, ఒకటి, ఆరు, తొమ్మిది" అంది సైదమ్మ. "వెనకనుంచి చెప్పు."

"తొమ్మిది, ఆరు..." అని మేష్టారు కళ్ళు మూసుకున్నారు. "ఎనిమిది... కాదు, మూడు..."

"భయపడకు" అంది సైదమ్మ. "నీకు తోచింది చెప్పు."

గుమ్మంలోవాళ్ళు పగలబడి నవ్వారు. మేష్టారికి చెమటలు పట్టాయి, ఆయనా నవ్వేశారు. సైదమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన మీద జాలిపడి, "తొమ్మిది, ఆరు, ఒకటి, ఎనిమిది, మూడు" అని తనే చెప్పి సున్నా చుట్టింది.

ఆయన లేచి రిజిస్టరు తీశారు. అలవాటు కొద్దీ "తండ్రి పేరు?" అన్నారు. సైదమ్మ మొహం చూస్తుండగానే పలకైపోయింది.

"అది ఖాళీగా ఉంచండి మేష్టారూ" అన్నాను.

"తండ్రి పేరు లేకుండానా?"

"వచ్చాక ఆయనే వచ్చి రాయిస్తాడు."

ఆయన నావైపు చూసి, ఆ గడి వదిలేసి పక్క గడిలోకి వెళ్ళారు.

నందిగామ వెళ్ళే, బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడ ఆగితే అక్కడ మమ్మల్ని దింపి, కొలిమి రాజేసి, మళ్ళీ ఎక్కించుకునేది. చేరేసరికి నా చీర, నేను రాసుకెళ్ళిన కాగితాలు మసి కొట్టుకుపోయాయి. కృపావతి గారు వరండాలో పడకకుర్చీలో కూర్చుని అన్నీ ఓపిగ్గా చదివారు. ఆవిడకి కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. వస్తే ఇంకా బాగుండునని మా క్లాసులో అందరికీ అనిపించేది. సైదమ్మ కాగితం దగ్గర ఆగారు.

"పరీక్ష తిరగేసి పెట్టావా?"

"అవునండి."

"నియమాలు తెలుసుగా?"

"తెలుసండి."

"కారణం అన్నచోట ఏమీ రాయలేదు. ఇంత పని చేసి, ఆ పిల్ల ఎందుకు చెప్పలేదో కనుక్కోలేదా?"

"తెలీదండి."

కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఆ చూపుకి తట్టుకోవడం కష్టం. మా అమ్మ మొహం గుర్తు తెచ్చుకుని, నా మొహం కూడా అలాగే ఉంచడానికి ప్రయత్నించాను. ఎంతవరకు కుదిరిందో చెప్పలేను, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"నియమం తప్పి, కారణం లేని కాగితం ఒక్కటున్నా మొత్తం పని లెక్కలోకి రాదు బాలామణీ. ఈ టర్ము పోయినట్టే. మళ్ళీ వేరే పిల్లల్ని చూసి, అంతా మొదటినుంచి చెయ్యాలి."

"చేస్తానండి."

ఆ ఒక్క కాగితం మడిచి నా చేతికిచ్చారు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. నా దగ్గరుంటే పైవాళ్ళకి చూపించాలి. వాళ్ళు అడిగితే నేను చెప్పాలి" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి నాకోసం కాఫీ తెచ్చారు. మరి ఆ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి టర్ము పోయిందని చెప్పాను. నాన్న పడీ పడీ నవ్వారు.

"బుర్రలు తూస్తానని వెళ్ళి తూనికరాళ్ళు పోగొట్టుకొచ్చావన్నమాట." తర్వాత నవ్వు ఆపి అన్నారు. "పోన్లే అమ్మలూ. ఇంక చాలు. ఇంకో ఏడాది మద్రాసు ఏం వద్దు. ఇంటిపట్టున ఉండు."

ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? రాయని కాగితం ఒకటి. అమ్మ వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"దాన్ని పంపించండి."

"నువ్వూరుకోవే. ఆ చదువు సంగతి నీకేం తెలుసు?"

"తెలుసు" అంది అమ్మ.

ఆ ఇంట్లో పుట్టి పెరిగి, అమ్మ నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నాన్నకీ అదే మొదలై ఉంటుంది. ఏదో అనబోయి, ఉత్తరీయం దులుపుకుని, వీధిలో ఎవరో పిలిచినట్టు లేచి వెళ్ళిపోయారు. పెళ్ళి మాట మళ్ళీ చాలాకాలం ఎత్తలేదు. అమ్మకి సైదమ్మ ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో నేనడగలేదు. కొత్త టర్ము మొదలయ్యేదాకా నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ రెండు నెలలూ ఆ పిల్ల బడి వదలగానే తిన్నగా మా పెరట్లోకే వచ్చి అమ్మ పక్కన చేరేది. గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసేది, అమ్మ చెరిపించేది కాదు.

సెప్టెంబరులో మిలిటరీ లారీలు మా ఊరి మీదుగా అవతలికి వెళ్ళాయి. కొద్దిరోజుల్లోనే అంతా అయిపోయిందన్నారు. కొట్లోవాళ్ళు ఒక్కొక్కరే బళ్ళు కట్టుకుని తిరుగుముఖం పట్టారు. కొత్త కాయలు వచ్చే లోపల కొట్టు ఖాళీ అవుతుందని నాన్న సంతోషించాలి గాని, ఆయనే ప్రతి బండికీ సాయం పట్టి, చివరికి గుమ్మంలో ఒంటరిగా నిలబడేవారు.

ఆఖరున రత్తమ్మ వచ్చింది. అమ్మ ఆమెకి పసుపు కుంకుమ, చీర పెట్టింది. నేను బండి దాకా వెళ్ళాను.

"అతని కబురేమైనా తెలిసిందా?"

"తెల్వదమ్మా" అంది. ఆ కాలంలో నేను విన్న తెల్వదులన్నిటిలోకీ నిజమైనది అదొక్కటే. "జైళ్ళు తీస్తున్నరంట. పోయి సూస్కోవాలె."

సైదమ్మ పలకా సంచీ పట్టుకుని బండి ముందు ఎడ్లతో ఏదో చెబుతోంది. రత్తమ్మ అటు చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, నా బిడ్డ నీకేమన్న జెప్పిందా? వాళ్ళ నాయిన ముచ్చట?"

"లేదు రత్తమ్మా. నాకేం తెలీదు."

రత్తమ్మ నా కళ్ళలోకి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. మోసుకుంటూ వచ్చిన బరువు ఒక పక్క ఇంకెవరో పట్టుకున్నట్టుంది.

"మంచిదమ్మా" అంది. "నాకు గుడ తెల్వదు."

అప్పుడర్థమైంది నాకు. అతన్ని పట్టుకుపోయిన రోజు వాకిట్లో ఆమె కూడా ఉంది. కూతురు అన్న మాట చెవులారా విన్నది. విని, తెలియనట్టే ఆ పిల్లని పొదువుకుని ఇంత దూరం తెచ్చింది, ఇకముందు కూడా తెలియనట్టే ఉంటుంది. నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుని బండెక్కింది.

బండి కదిలాక సైదమ్మ దూకి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. నన్ను వంగమని చెయ్యి ఊపింది. వంగాను. నా చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క పేరు చెప్పింది.

"మా నాయినది" అంది. అనేసి, మళ్ళీ పరిగెత్తి బండెక్కేసింది.

ఆ తర్వాత నా చదువు పూర్తయింది. ఎన్నో బళ్ళలో ఎంతోమంది పిల్లల ముందు కూర్చున్నాను. అందరికీ ముందు నా కుర్చీ ఇచ్చి, పెన్సిలు చేతికిచ్చేదాన్ని. అలా ఎందుకని అడిగినవాళ్ళకి సైదమ్మ కథ చెబుతూ వచ్చాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే, ఊరూ పేరూ మార్చి. ఆ తండ్రి పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. జగన్నాథరావు గారి రిజిస్టరులో ఆ గడి చివరిదాకా ఖాళీగానే ఉంది.

మీరడిగినా అంతే. నాకు తెల్వదు.